తుంటితో ఆపిన తలుపు

మా నాన్న పద్దెనిమిదేళ్ళు దెబ్బలు తినడమే ఉద్యోగంగా బతికాడు. కాగితాల మీద ఆ ఉద్యోగానికి సెక్యూరిటీ గార్డు అని పేరు. పెద్దాస్పత్రిలో క్యాజువాలిటీ లోపలి గది తలుపు దగ్గర డ్యూటీ. ఆ తలుపు వెనక ఎవరి ప్రాణమైనా పోతే, బయట నిలబడ్డ వాళ్ళకి ఎవర్నో ఒకర్ని కొట్టాలనిపిస్తుంది. చేతికి అందేది మా నాన్న. చెప్పులు, హెల్మెట్లు, కుర్చీ కాళ్ళు, ఒకసారి పళ్ళు కూడా. ఆయన ముంజేతి మీద ఒక ముసలావిడ కొరికిన గాటు ఇప్పటికీ ఉంది. పాపం, ఆవిడకి మనవడు పోయాడమ్మా అని ఆ మచ్చ నిమురుకుంటూ చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. మనవడు పోతే మా నాన్నని కొరుకుతుందా?

ఆయన మాత్రం ఎవరి మీదా చెయ్యెత్తేవాడు కాదు. ఆయన పద్ధతి వేరు. గొడవ రేగగానే లోపలున్న నర్సులం గడియ పెట్టుకుంటాం. ఆయన బయటే ఉండిపోయి, గుమ్మంలో పక్కకి తిరిగి, కుడి తుంటిని ద్వారబంధానికి ఒకవైపు ఆనించి, ఎడమ పాదాన్ని రెండోవైపు చెక్కకి తన్నిపెట్టి నిలబడేవాడు. ఇక ఎంతమంది తోసినా ఆ బరువు ద్వారబంధం మీద పడాలే తప్ప తలుపు మీద పడదు. వయసులో ఉన్నప్పుడు గోదాముల్లో బస్తాలు మోసిన మనిషి. బరువుని తుంటి మీదకి ఎలా దించుకోవాలో అక్కడ నేర్చాడట. లోపలున్న గడియ పేరుకేనని, అసలు గడియ ఇదేనని తుంటి మీద చరుచుకుని గొప్పలు పోయేవాడు. ఆస్పత్రిలో అందరూ ఆయన్ని గోడ మామ అనేవాళ్ళు.

మా అమ్మ నా తొమ్మిదో ఏట పోయింది. అప్పట్నుంచి ఇంట్లో మేమిద్దరమే. నేను నర్సు చదువు పూర్తిచేసి అదే క్యాజువాలిటీలో చేరిన వారానికి, ఆయన సూపర్‌వైజర్ కాళ్ళావేళ్ళా పడి తన షిఫ్టుని నా షిఫ్టుతో కలిపించుకున్నాడు. ఊళ్ళో ఇంకే నర్సుకీ నాన్న లేడా, నా పరువు తీస్తున్నావు అని రెండు రోజులు మాట్లాడలేదు నేను. ఆయన చెవిన పెడితేగా.

తుంటి నొప్పి మొదట మెట్ల దగ్గర మొదలైంది. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. తర్వాత కుడివైపు తిరిగి పడుకోవడం పోయింది. ప్యాంటు వేసుకోవడానికి ఒంటికాలి మీద నిలబడలేక మంచం అంచున కూర్చునేవాడు. అడిగితే, వయసు, చలిగాలి, కొత్త బూట్లు, ఇలా రోజుకో సాకు. నర్సు ఇంట్లోనే దొంగ పేషెంటు. నేనే చెయ్యిపట్టి లాక్కెళ్ళి ఎముకల డాక్టరుగారి ముందు కూర్చోబెట్టాను.

డాక్టరుగారు మా నాన్న తుంటిలోకి ఒక ఇంజెక్షన్ ఇచ్చాడు. రెండు నెలలు మా నాన్న కుర్రాడైపోయాడు. నొప్పి మళ్ళీ వచ్చింది. రెండో ఇంజెక్షన్ ఐదు వారాలే పనిచేసింది. ఈసారి డాక్టరుగారు స్కానింగ్ తీయించి, అది చూసి నిట్టూర్చాడు. కండరాన్ని తుంటి ఎముకకి కట్టి ఉంచే టెండన్ సగానికి పైగా పీచులు పీచులుగా విడిపోయిందట. మూడో ఇంజెక్షన్ ఇస్తే నొప్పి ఇప్పటికి పోతుంది, కానీ ఆ మిగిలిన సగం ఎప్పుడైనా తెగొచ్చు. తెగితే ఆపరేషన్ చేసి కుట్టాలి, ఆరు నెలలు మంచం. అలా కాకుండా ఫిజియోథెరపీ పట్టుకుంటే మూడు నాలుగు నెలల్లో చాలామందికి కుదుటపడుతుంది. అయితే ఆ మూడు నెలలూ తలుపు దగ్గర నిలబడే పని మానెయ్యాలి.

ఫిజియోథెరపీ అమ్మాయి నాకంటే చిన్నది, గొంతు మాత్రం బడిపంతులుది. ఎలా నిలబడతారో చూపించమంది. మా నాన్న మహా సంబరంగా ఆమె గది గుమ్మంలోనే తన భంగిమ పెట్టి చూపించాడు. ఆమె దగ్గరికొచ్చి తుంటి పక్క ఎముక మీద బొటనవేలుతో ఒక్క నొక్కు నొక్కింది. ఆయన దవడ కండరాలు బిగుసుకుపోయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మీరు తలుపు ఆపడం లేదండీ," అంది ఆ అమ్మాయి. "ఎముక మీద పెట్టి ఆ టెండన్‌ని నూరుతున్నారు."

దారంతా ఆయన ఆ అమ్మాయిని వెక్కిరిస్తూనే వచ్చాడు. గోడకి ఆనుకుని కాళ్ళెత్తడమూ, మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుని పడుకోవడమూ, ఇదీ ఒక వైద్యమేనా అని. ఇంటికొచ్చాక తాపీగా చెప్పాడు, గురువారం మూడో ఇంజెక్షన్ వేయించుకుంటున్నానని, టోకెన్ కూడా తీసుకున్నానని. నేను ఒంటికాలి మీద లేచాను. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు గోడకేసి కొట్టాను. తెగుతుందని నీ చెవులతోనే విన్నావు కదా, కుంటివాడివై మూల కూర్చుంటే మోసేది ఎవరు, నీకు బుద్ధుందా అని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన గ్లాసు ఏరి, దాని సొట్ట చూసి, గట్టు మీద పెట్టాడు.

"మూడు నెలలు ఆ తలుపు దగ్గర ఈల ఉంటాడు. లోపల నువ్వుంటావు," అన్నాడు. "నేనెక్కడో కూర్చుని కాళ్ళెత్తుకుంటూ ఉండనా?"

ఈల అనేది రెండో గార్డు పేరు. గొడవ మొదలవగానే ఈల ఊది, ఆ ఈల చప్పుడు కంటే ముందు తనే పారిపోతాడని ఆ పేరు పెట్టారు. నిజానికి నేను ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మూడు నెలలూ ప్రసూతి వార్డుకి మార్పించుకుంటానని అంటే, ఆయన మర్నాడే గోడకి ఆనుకుని కాళ్ళెత్తేవాడు. నేను అనలేదు. క్యాజువాలిటీ అంటే నాకు పిచ్చి, అక్కడ నా అంత చురుకైన నర్సు లేదని పొగరు. ఆ పొగరు ఇప్పుడు తలచుకుంటే నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

గురువారం దాకా పోలేదు వ్యవహారం. మంగళవారం మధ్యాహ్నం ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. కడుతున్న బిల్డింగు మీద నుంచి పడ్డాడు. పాతికేళ్ళుండవు. కుర్ర డ్యూటీ డాక్టరూ నేనూ మార్చి మార్చి ఛాతీ నొక్కాం. నా అరచేతుల కింద పక్కటెముక విరగడం తెలిసింది. నలభై నిమిషాల తర్వాత డాక్టరు చేతులు దించేశాడు. చెప్పడానికి బయటికెళ్ళినవాడు, రెండు మాటలు కూడా పూర్తికాకుండానే చొక్కా చిరిగి వెనక్కి పరుగెత్తుకొచ్చాడు. నేను గడియ పెట్టాను. అతన్ని మందుల గదిలోకి తోసి, బయటినుంచి గొళ్ళెం వేశాను. అప్పుడు తలుపుకున్న అద్దంలోంచి చూశాను.

మా నాన్న తన భంగిమలో ఉన్నాడు. ఎదురుగా చచ్చిపోయిన కుర్రాడి అన్నదమ్ములు, వాడితో పనిచేసేవాళ్ళు, ఒళ్ళంతా సిమెంటు దుమ్ము. మొదట బతిమాలారు. తర్వాత తిట్టారు. తర్వాత ఒకడు తన ప్లాస్టిక్ టోపీతో ఆయన ముఖం మీద కొట్టాడు. ముక్కులోంచి రక్తం మీసం మీదకి కారింది. ఇంకొకడు కాలర్ పట్టుకుని తల వెనక్కి, ద్వారబంధానికేసి బాదాడు. ఆయన మాత్రం, నన్ను కొట్టండి బాబూ, పర్లేదు, కొట్టండి, అంటూనే ఉన్నాడు. తోపులాటలో ఎవడి మోకాలో కుడి తుంటికి తగిలింది. ఆయన మొహం ఒక్కసారి మెలితిరిగింది. ఎదురుగా ఉన్న పొడుగాటి వాడు అది చూశాడు.

వాడు ఒక అడుగు వెనక్కేసి, బూటుకాలితో అక్కడే తన్నాడు. మళ్ళీ తన్నాడు. ఇక వాడికి ఇంకెక్కడా కొట్టాలని లేదు. మా నాన్న అరిచాడు. ఆయన అరుపు నేనెప్పుడూ వినలేదు, మా అమ్మ పోయిన రోజు కూడా. గొడ్డుని కోస్తే వచ్చే అరుపు అది. అరుస్తూ కూడా ఆయన పాదం ఆ చెక్క మీద నుంచి వెంట్రుకవాసి కదల్లేదు. తుంటి ద్వారబంధాన్ని వదల్లేదు. నేను కళ్ళారా చూశాను.

గడియ నేనే తీశాను.

తలుపు తీస్తే వాళ్ళు ఆయన్ని వదిలేసి లోపలికొస్తారని తీశాను. అలాగే వచ్చారు. తన్నులకి వీపు తలుపుకి ఒరిగి ఉంది, ఆ ఆధారం పోయేసరికి మా నాన్న వెల్లకిలా పడ్డాడు, ఆయన్ని తొక్కుకుంటూ వాళ్ళంతా వచ్చారు. సెలైన్ స్టాండు పెట్టి ఎవరో నా ఎడమ చెవి మీద కొట్టారు. బల్ల అంచుకి నా మొహం తగిలింది, నోట్లో పన్ను ఊడి నాలుక మీద పడింది. కిందపడ్డాక కడుపులో తన్నారు. ఎవరో నేను తీసిన తలుపునే తన్ని తన్ని విరగ్గొడుతున్న చప్పుడు కుడి చెవికి మాత్రమే వినిపించింది. ఆఖరికి ఆ కుర్రాడి అన్న తమ్ముడి మీద పడి గుండెలు బాదుకోవడం మొదలుపెట్టాడు, అప్పుడు ఆగారు. మందుల గదిలో ఉన్న డాక్టరు వాళ్ళ కంట పడలేదు.

నా ఎడమ చెవి పోయింది. ఇక వినిపించదు. మూడో రోజు మా నాన్న వార్డులో నా మంచం దగ్గరికి కర్ర సాయంతో వచ్చాడు. తుంటి నల్లగా కమిలిపోయినా టెండన్ పూర్తిగా తెగలేదట. స్టూలు మీద కూర్చున్నాడు.

"నా తుంటి జారిందమ్మా," అన్నాడు. "ఆపలేకపోయాను."

నేను కళ్ళు మూసుకున్నాను. దవడకి కట్టుంది కాబట్టి మాట్లాడకపోవడానికి సాకు దొరికింది. ఆ మర్నాడు విచారణకొచ్చిన పెద్దాయన అడిగితే, గడియ ఊడి తలుపు తెరుచుకుందని రాసిచ్చాను. వాళ్ళ తన్నులకి గడియ నిజంగానే ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది, ఎవరికీ అనుమానం రాలేదు. లోపల డాక్టరు ఉండగా గుంపుకి తలుపు తీసిన నర్సుని ఉద్యోగంలో ఉంచరు. మొదట అందుకే అబద్ధం రాశాను, దాచడం ఎందుకు. కానీ ఆ సాయంత్రమే మా నాన్న ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికెళ్ళి, ఏం చెయ్యమంటే అది చేస్తానని చేతులు కట్టుకుని నిలబడ్డాడని తెలిసింది. ఇంజెక్షన్ టోకెన్ చించేశాడట. నా అరుపులు చెయ్యని పని నా అబద్ధం చేసింది. నోరు మూసుకున్నాను.

అంత మొండిఘటం బడిపిల్లాడైపోయాడు. కాలు మీద కాలు వేసుకోవడం మానేశాడు. పక్కకి ఒరిగి నిలబడటం మానేశాడు. వెల్లకిలా పడుకుని నడుమెత్తడం, గోడకి ఆనుకుని కాలు పక్కకి నెట్టడం, మెట్టు మీద నెమ్మదిగా ఎక్కి దిగడం, పొద్దునా సాయంత్రం చెమటలు కారేలా చేసేవాడు. ఆరో వారానికి కుడివైపు తిరిగి నిద్రపోయాడు. నేను డ్యూటీకి మళ్ళీ వెళ్ళేసరికి కర్ర వదిలేశాడు.

ఒకరోజు స్నానాల గది తలుపు ఓరగా ఉంటే చూశాను. పిడికిలి బిగించి తన తుంటిని తనే గుద్దుకుంటున్నాడు. దెబ్బ మీద దెబ్బ. ఒక్క నిమిషం ఆగలేకపోయావా, దాని చెవి పోయేదా, ఒక్క నిమిషం, అని పళ్ళ మధ్య నుంచి ఆ తుంటిని తిడుతున్నాడు. అప్పుడే చెప్పేయాల్సింది. కానీ చెబితే వ్యాయామం మధ్యలో వదిలేసి రేపే తలుపు దగ్గరికి పరుగెడతాడని భయపడ్డాను. ఇంకో నెల పోనీ అనుకున్నాను. అలా ఒక నెల ఆయన్ని గుద్దుకోనిచ్చాను, నేనే.

నాలుగో నెలలో ఫిజియోథెరపీ అమ్మాయి ఆయన్ని ఒంటికాలి మీద నిలబెట్టి, బొటనవేలితో అక్కడే నొక్కి, నొప్పి లేదనిపించుకుని పంపేసింది. ఒరగకుండా, రెండు కాళ్ళ మీదా నిలబడేటట్టయితే తలుపు దగ్గరికి వెళ్ళొచ్చంది. సూపర్‌వైజర్ రమ్మని కబురు పెట్టాడు. మా నాన్న తనని సైకిల్ స్టాండుకి మార్చమని అర్జీ రాసిచ్చి ఇంటికొచ్చాడు. ఆపలేనివాడు ఆ తలుపు దగ్గర ఉండకూడదట. నేను ఆయన్ని కూర్చోబెట్టి ఎదురుగా కూర్చున్నాను.

"నాన్నా, నీ తుంటి జారలేదు. గడియ నేను తీశాను."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఊడిందని నువ్వే రాసిచ్చావు కదే."

"అబద్ధం రాశాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే నీ వైద్యం ఆగిపోతుందని."

ఆయన లేచి, నాకు వినిపించే వైపుకి వచ్చి కూర్చున్నాడు. నా తలని తన భుజానికి ఆనించుకున్నాడు.

"నా మనసు తేలిక చెయ్యాలని చూస్తున్నావు. నాకు తెలీదా?" అన్నాడు. "ఆ మాట ఇంకెవరి దగ్గరా అనకు తల్లీ, నీ ఉద్యోగం పోతుంది."

ఒట్టేశాను. అమ్మ మీద ఒట్టేశాను. ఆ పొడుగాటి వాడు ఎన్నిసార్లు తన్నాడో, ఆయన పాదం ఎలా కదల్లేదో గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఏడ్చాను, అరిచాను. ఆయన, సరే సరే, నిజమే, నువ్వే తీశావు, అంటూ చంటిపిల్లని సముదాయించినట్టు నా వీపు నిమిరాడు. తర్వాత టైము చూసుకుని, మంచం మీద కూర్చోకుండా నిలబడే ప్యాంటు వేసుకుని, సైకిల్ స్టాండు డ్యూటీకి వెళ్ళిపోయాడు.