తలకిందులుగా చదివిన వంట పుస్తకం

పెద్దమ్మ పోయిందన్న కబురు వాట్సాప్‌లో వచ్చింది. అప్పుడు నేను చేపలు కడుగుతున్నాను. పొలుసులంటిన వేలితో ఫోను తెరిచి చూస్తే ఆమె కొడుకు పెట్టిన రెండు ముక్కలు, వాటి కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఒకరు గులాబీ పెట్టారు. ఇంకొకరు గాలికి ఊగే దీపం పెట్టారు. నాకు ఏడుపు రాలేదు. రోత పుట్టింది. అది చేపల వాసనకు కాదు.

చెయ్యి కడుక్కుని ఎదురింటికి పోతే అక్కడ అందరిదీ ఒకటే పాట. బాగా బతికింది, బాగా పోయింది, బంగారంలాంటి మనిషి. ఆమె నోటికి జడిసి వీధిలో అవతలి పక్కనించి నడిచినవాళ్ళే ఈ మాటలు అంటున్నారు. కోడలయితే ఏకంగా, నాకు తల్లి పోయింది అనేసింది. శుక్రవారాలు అత్త దగ్గర మేం చేసే వంటల వాసన పడదని తలుపు వేసుకుని లోపల అగరొత్తులు వెలిగించుకునే కోడలు ఈవిడే. నేను పెద్దమ్మ ముఖం వైపే చూస్తూ కూర్చున్నాను. ఇంకాసేపు వీళ్ళు ఇట్లాగే మాట్లాడితే కళ్ళు తెరిచి ఛీ అంటుందేమోనని ఆశ. అనలేదు. అప్పుడు నమ్మాను, నిజంగానే పోయిందని.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క కాదు. సింగానల్లూరులో మా ఎదురింటావిడ. వీధంతా ఆమెను అట్లాగే పిలిచేది. ఈ పత్రిక చదివే మీలో చాలామంది దూరాన ఉన్నవాళ్ళు కాబట్టి మా సంగతి కొంచెం చెప్పాలి. మా తాతల తాతలు ఎప్పుడో ఆంధ్రా పక్కనించి ఈ తమిళ నల్లమట్టికి వచ్చి పడ్డారు. ఇళ్ళల్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదివాం. అందుకని మా తెలుగుకు నోరుంది, కళ్ళు లేవు. పెద్దమ్మకు మాత్రం చిన్నప్పుడు వాళ్ళ నాయన నేల మీద పిండి పరిచి వేలితో అక్షరాలు దిద్దించాడట. మా వీధిలో తెలుగు చదవగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

ఎవరి పెళ్ళికో వచ్చిన విజయవాడ చుట్టాలు ఆమెకొక లావుపాటి తెలుగు వంట పుస్తకం ఇచ్చిపోయారు. చాలాకాలం అది ఆమె ఇంట్లో బియ్యం డబ్బా ఊగకుండా కింద ఎత్తుకు ఉండేది. ఒకరోజు డబ్బా మార్చినప్పుడు దాన్ని దులిపి, చదివి, మా ముగ్గురినీ పిలిచింది. ఆర్.ఎస్. పురంనించి కారులో వచ్చే మిల్లు అక్క, అన్నూరునించి బస్సులో వచ్చే కాపుపిల్ల, ఎదురింటి నేను. మిల్లు అక్క మొగుడికి నూలు మిల్లు ఉంది, ఆమెకు వంటమనిషి ఉంది, చేతికి పని మాత్రం లేదు. అన్నూరు పిల్లకు ఇంట్లో ఆవులు, అత్త, మరుదులు అందరూ ఉన్నారు, వారానికి ఒక మధ్యాహ్నం ఆ కొంపలోంచి బయటపడటానికి సాకు లేదు. నాకు ఎవరినయినా ఆటపట్టించకపోతే అన్నం అరగదు. అట్లా మొదలయింది మా శుక్రవారం.

పద్ధతి పెద్దమ్మే పెట్టింది. మొదటి పేజీనించి మొదలుపెట్టి ఒక్క పేజీ కూడా దాటకూడదు. తనకు నచ్చనిది వచ్చినా, ఊళ్ళో దొరకనిది వచ్చినా, దొరికినదాంతో దాన్ని వండి తీరాలి. పెద్దమ్మ పీట మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చదువుతుంది. వంతు వచ్చినవాళ్ళు వండుతారు. అందరూ తింటారు. తిన్నాక ఎవరూ బాగుంది అనకూడదు. ఆ మాట ఆ వంటింట్లో నిషేధం.

"బాగుండాది అనేవాళ్ళకి ఇంటికి పొయ్యే తొందర," అనేది. "ఛీ అను, అప్పుడు నువ్వు తిన్నావని నమ్ముతా."

ఆమె ఛీలలో రకాలుండేవి. నూనె కాగకుండా తాలింపు వేస్తే ముక్కుతో అనేది. పప్పు అడుగంటి, దాన్ని కలిపేసి దాచితే గొంతులోంచి వచ్చేది. చింతపండు పులుసులో పచ్చివాసన మిగిలితే అసలు శబ్దమే ఉండదు, ముద్ద నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకుని, లేచి పోయి వాకిట్లో ఉమ్మి వచ్చేది. మిల్లు అక్క మొదటిసారి ఈ మర్యాద పొందిన రోజు కారులో ఏడ్చుకుంటూ పోయింది. మరుసటి వారం అదే పులుసు ఇంట్లో కాచుకుని గిన్నెతో సహా తెచ్చింది. పెద్దమ్మ తిని, ఇంకో గరిటె వేసుకుంది. మిల్లు అక్క ఆ గరిటె గురించి ఇప్పటికీ చెబుతుంది.

ఒకసారి మిల్లు అక్క వంతు వచ్చినప్పుడు నేను ఆమె కూరలో దొంగతనంగా అంగట్లో అమ్మే మసాలా ప్యాకెట్టు కలిపేశాను. పెద్దమ్మ గిన్నె మూత తీసి, ముక్కు ముడిచి, మిల్లు అక్కను వదిలేసి తిన్నగా నావైపే చూసింది. "అడియే, వేసినదానివి నువ్వే తిను," అంది. గిన్నె ఖాళీ అయ్యేవరకు ఎదురుగా కూర్చుని తినిపించింది. ఆ గడ్డి మళ్ళీ నా వంటింట్లోకి రాలేదు.

నేను ఎప్పుడూ ఆమెకు ఎదురుగా నేల మీద కూర్చుని కూరగాయలు తరిగేదాన్ని. కత్తిపీట ముందు కూర్చుని కళ్ళెత్తితే ఆమె ఒళ్ళో పుస్తకం కనిపించేది. తలకిందులుగా. ఆమె చదివే మాటకూ ఆమె వేలు కదిలే చోటుకూ పొంతన చూసుకుంటూ, ఊరికే ఆటకు, నేను అక్షరాలు పట్టుకోవడం మొదలుపెట్టాను. మొదట పట్టుకున్న మాట 'తగినంత'. ప్రతి పేజీలోనూ ఉండేది, ఉప్పు పక్కన. తగినంత అంటే ఎంత పెద్దమ్మా అని అడిగితే, ఛీ అనిపించనంత అంది. అట్లా ఒకటొకటే పోగేసుకుని కొన్నేళ్ళకు పేజీ మొత్తం చదవగలిగాను. ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసినదాన్ని, చదువొచ్చిందని చెబితే నవ్వుతారు. ఇప్పటికీ పుస్తకం తిన్నగా పట్టుకుంటే తడుముకుంటాను. తలకిందులుగా పెడితే గడగడా చదువుతాను.

రెండేళ్ళ కిందటనించి మా శుక్రవారం తిండి చెడిపోవడం మొదలుపెట్టింది. వండేవాళ్ళు వాళ్ళే, చేతులు అవే. కానీ పుస్తకమే పిచ్చెక్కినట్టు ఉంది. వంకాయలో సోంపు వెయ్యమంటుంది. కందిపొడిలో పాలు పొయ్యమంటుంది. మేం చెప్పినట్టే చేసి, తిని, వరసగా వాకిట్లోకి పోయి ఉమ్ముకుని వచ్చేవాళ్ళం. పెద్దమ్మ మాత్రం ఉమ్మలేదు. అదే నాకు అనుమానం. ఆమె నెమ్మదిగా నమిలి మింగేసేది.

మిల్లు అక్క ఆంధ్రావాళ్ళ మీద పడింది. "వీళ్ళకి నాలుక ఉండాదా, లేదా? ఇంత అసింగంగా, ఇంత రోతగా ఎట్ల తింటారు?" ఫోనులో వీడియోలు ఉన్నాయి, అవి పెట్టుకుని వండుకుందాం, ఈ పుస్తకం ఇంక చాలు అంది. పెద్దమ్మ పుస్తకం మూసి ఒళ్ళో గట్టిగా పట్టుకుంది. ఆ ఇంట్లో ఆమెకు ఇంక వేరే పనేదీ లేదు. పొయ్యి దగ్గరికి రానివ్వరు, అంగడికి పోనివ్వరు. వారమంతా టీవీ ముందు కుర్చీలో కూర్చోబెడతారు. శుక్రవారం మధ్యాహ్నం ఆ పుస్తకం తెరిచినప్పుడే ఆమె మనిషి.

ఆ మరుసటి వారం బెండకాయల వంతు వచ్చింది. బెండకాయలు తరిగి, పుల్ల మజ్జిగలో వేసి, చింతపండు పిసికి, బెల్లం కొట్టి వేసి, మెంతులు గుప్పెడు వేయించకుండా చల్లి ఉడికించమని పెద్దమ్మ చదివింది. నేను తల ఎత్తి ఆమె ఒళ్ళోకి చూశాను. ఆ పేజీ మీద పెసరట్టు ఉంది. పెసలు, అల్లం, పచ్చిమిరపకాయలు, ఉప్పు తగినంత. ఆమె వేలు వాటి మీద కదులుతోంది, నోరు బెండకాయలు చెబుతోంది.

కళ్ళు పోయాయి. కంటి ఆపరేషను చేయించారు, బాగయింది అని కొడుకు చెప్పుకుని తిరిగాడు. అక్షరం మాత్రం కనిపించడం లేదు. నాలుక కూడా పోయింది. ఆ రోజు వండింది చూస్తే జలుబు చేసినవాడు ముక్కు చీదినట్టు తీగలు సాగుతోంది. మజ్జిగ విరిగి బూడిదరంగు ముద్దలుగా తేలుతోంది. వాసన తడిసిన గోనెసంచి వాసన. అన్నూరు పిల్ల నోట్లో పెట్టుకుని పరుగున బయటికి పోయింది. పెద్దమ్మ గిన్నె నాకి, "ఏమే, ఎట్ల ఉండాది?" అని నన్ను అడిగింది.

"ఛీ," అన్నాను.

"ఆ," అంది తృప్తిగా.

నా బుద్ధి మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నేను మనుషులను ఏడిపించడానికి పుట్టినదాన్ని. ఈసారి ఏడిపించవలసింది పుస్తకం చాలన్న మిల్లు అక్కను. మరుసటి శుక్రవారం పెద్దమ్మ గొంతు విప్పగానే, నీ గొంతు తగ్గిపోయింది పెద్దమ్మా, పొయ్యి దగ్గరికి వినపడటం లేదు, నువ్వు చెప్పు, నేను గట్టిగా అరుస్తాను అన్నాను. ఆమె నోటికి వచ్చింది ఏదో మొదలుపెట్టింది. నేను ఎదురుగా కూర్చుని, బీరకాయ తరుగుతూ, తలకిందులుగా ఉన్న పేజీలో ఏముందో అది అరిచాను. ఆమె పాలు అంటే నేను పప్పు అని అరిచాను. పొయ్యి దగ్గరున్నవాళ్ళకు నా గొంతే వినిపిస్తుంది. పెద్దమ్మ ఒక్క క్షణం ఆగింది. కనుబొమలు కలిశాయి. ఇంక నన్ను చీల్చేస్తుంది అనుకున్నాను. ఆమె మళ్ళీ వేలు కదిలించింది, ఈసారి గొంతు పూర్తిగా తగ్గించి, పెదాలు మాత్రం ఆడించింది.

ఆ తరువాతి వారం పీట మీద కూర్చోగానే పుస్తకాన్ని ఒళ్ళోంచి మోకాళ్ళ మీదికి జరిపి, నావైపు కొంచెం వాల్చింది. నాకు బాగా కనపడేట్టు.

మాట్లాడుకోలేదు దాని గురించి. ఒకే ఒకసారి, అందరూ వెళ్ళిపోయాక నేను గిన్నెలు తోముతుంటే వెనకనించి అంది: "నీ వంకర బుద్ధికి వంకర చదువే సరిపోయింది లేమే." నేను తిరిగి చూడలేదు. గిన్నె ఇంకా గట్టిగా తోమాను. తిండి మళ్ళీ తిండిలా అయింది. మిల్లు అక్క ఫోను సంచిలోకి పోయింది. ఆంధ్రావాళ్ళకు నాలుక తిరిగి వచ్చింది అంది.

అంతా అట్లా నడుస్తుండగానే ఆ కబురు వచ్చింది.

కారియం నాడు, అంటే పెద్దకర్మ నాడు, జరిగింది చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రోజు వంట మేం ముగ్గురం చేస్తామని బతిమాలాం. కొడుకు వినలేదు. శ్రమ ఎందుకు అని కాంట్రాక్టు వంటవాళ్ళకు ఇచ్చేశాడు. సాంబారు అంటే గిన్నెలు కడిగిన నీళ్ళలో పసుపు వేసినట్టుంది, తియ్యగా. కూరల మీద ఆ ప్యాకెట్టు మసాలా కంపు. తిన్నవాళ్ళంతా బ్రేవ్‌మని ఏప్పులు తీస్తూ, బాగుంది, బాగుంది అంటున్నారు. లోపల ఫోటో ముందు ఆమెకు వేసిన ఆకులో గోబీ మంచూరియా పెట్టారు. ఎర్రరంగు కారి ఆకంతా పాకింది. ఆమె బతికుండగా ఆ వస్తువు వీధి మలుపులో వేగుతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచేది.

నేను ఇంటికి పోయి బెండకాయలు తరిగాను. అన్నూరు పిల్ల వెంట వచ్చి, గిన్నెలో మజ్జిగ, బెల్లం చూసి భయపడిపోయింది. "అక్కా, ఆ దరిద్రాన్నా ఆమె ఆకులో పెడతావు?"

అవును, దాన్నే అన్నాను. తక్కినవన్నీ ఎవరో రాసిన వంటలు. పుస్తకంలో లేనిది, ఆమె తన సొంతంగా చెప్పిన వంటల్లో నాకు పూర్తిగా గుర్తున్నది ఇది. ఈ మాట ఆ పిల్లకు చెప్పలేదు. గిన్నె తీసుకుపోయి మంచూరియాను ఆకు అంచుకు నెట్టి, దాని చోట నిండా వడ్డించాను. కొడుకు అదేమిటో అనుకుని ఒక వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు. అంతమంది చుట్టాల ముందు ముఖం వికారంగా పెట్టి, "ఛీ," అన్నాడు. ఆ ఇంట్లో ఆమె పోయాక ఎవరయినా నిజం మాట్లాడింది అప్పుడే. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో చూసినవాళ్ళకు తెలియదు.

ఇదంతా ఇక్కడ రాసేశావే, పెద్దమ్మ గుట్టు బయటపడదా అని మీరు అడగవచ్చు. పడదు. మిల్లు అక్క ఈ పత్రిక తెరిచినా బొమ్మలు చూసి మూసేస్తుంది. అన్నూరు పిల్ల దీంట్లో పొట్లం కడుతుంది. ఇప్పుడు మా వీధిలో తెలుగు చదవగలిగేదాన్ని నేను ఒక్కదాన్నే. అది తలుచుకుంటే గర్వంగా లేదు. రోతగా ఉంది.

కారియం అయ్యాక వచ్చిన శుక్రవారం మా ఇంట్లో కలిశాం. ఆ పుస్తకాన్ని, పీటను కోడలు పాత పేపర్లతో పాటు బయట పెడితే నేను తెచ్చుకున్నాను. మిల్లు అక్క సంచిలోంచి ఫోను తీసి, చదివేవాళ్ళు లేరు కదా, వీడియో పెట్టనా అని మెల్లగా అడిగింది. ఉండు అన్నాను. పీట గోడవారగా వేశాను. పుస్తకాన్ని దాని మీద పెట్టి, ఆగిన పేజీ తెరిచి, పీట మీద ఎవరో కూర్చుని చదువుకుంటున్నట్టు అటువైపు తిప్పాను. నేను ఎదురుగా నేల మీద కత్తిపీట వేసుకుని కూర్చున్నాను. ఇద్దరూ పొయ్యి దగ్గర చూస్తూ నిలబడ్డారు. నాకు కనపడేట్టు దాన్ని నావైపు వాల్చేవాళ్ళు లేరు. మెడ సాచి, తలకిందులుగా ఉన్న మొదటి వరస పట్టుకుని, పొయ్యి దాకా వినపడేట్టు అరిచాను.