చల్లపల్లి అప్పడాలు, మా అట్టపెట్టెలు

మాంద్యం అనే మాట పేపర్లోకి ఎక్కకముందే అట్టపెట్టెలు చేసేవాళ్ళకి తెలిసిపోతుంది. చెప్పులు అమ్ముడుపోకపోతే చెప్పుల పెట్టె అక్కర్లేదు, స్వీట్లు కొనేవాళ్ళు తగ్గితే స్వీటు డబ్బా అక్కర్లేదు. భవానీపురంలో మా వర్క్‌షాపు నేనూ మా ఆయనా పెళ్ళయిన కొత్తల్లో పెట్టుకున్నది. ఆ ఏడాది ఆర్డర్లు ఒక్కొక్కటే జారిపోయాయి. మిషను పొద్దున పూట నడిపి మధ్యాహ్నం ఆపేసేవాళ్ళం. పనిచేసే ఆడవాళ్ళలో ఇద్దరిని, పని రాగానే పిలుస్తానని చెప్పి ఇంటి దగ్గర ఉండమన్నాను. వాళ్ళు పల్లెత్తు మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బడ్జెట్ రోజున వర్క్‌షాపులోనే టీవీ ముందు కూర్చున్నాం. మామూలుగా ఆ ప్రసంగాలు నా తలకెక్కవు. ఆ రోజు మాత్రం చిన్న పరిశ్రమలనే మాట కోసం చెవులు రిక్కించి విన్నాను. మాట వచ్చింది. షెడ్డు కట్టుకోవడానికి సాయం, మిషన్ల మీద సబ్సిడీ, కరెంటు బిల్లులో రాయితీ. మా ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అంతలో మంత్రిగారు కాగితం తిప్పి, ఇవన్నీ రాష్ట్రంలో కొత్తగా యూనిట్ పెట్టేవాళ్ళకి అన్నారు.

"మనం పాతబడిపోయామే," అని మా ఆయన లేచి టీ తాగడానికి బయటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయం అందుకున్నవాళ్ళలో మా తోడికోడలు ఉంది. మా మరిది భార్య. చల్లపల్లిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది. పిల్లలు తగ్గారని స్కూలువాళ్ళు ఆమెని మానిపించారు. చుట్టూ మినుములు పండే పొలాలు కదా, అప్పడాల యూనిట్ పెడతానంది. నేను నవ్వాను.

"అప్పడాలు ఎవరు కొంటారే? ఎవరింట్లో వాళ్ళు ఒత్తుకుంటారుగా."

"ఇప్పుడు ఎవరు ఒత్తుకుంటున్నారక్కా? నువ్వు ఒత్తుతున్నావా?"

నేను కూడా కొనుక్కునేదాన్నే. మాట మార్చాను.

ఏడాది తిరక్కుండానే షెడ్డు లేచింది. ముసురు పట్టినా అప్పడాలు ఆరబెట్టే మిషను వచ్చింది. ప్రారంభానికి మేమిద్దరం వెళ్ళాం. కొత్త రేకులు, రంగు వాసన పోని గోడలు. మా వర్క్‌షాపు రేకుల కింద వానాకాలం బక్కెట్లు పెట్టుకునే సంగతి గుర్తొచ్చింది. పాస్టర్ గారు ప్రార్థన చేసి, ఈ పని మీద దేవుని చెయ్యి ఉండాలన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను, పెదవుల వరకే.

"పెట్టెలు నువ్వే ఇవ్వాలక్కా," అంది ఆమె ఆ రోజు. నేను రేటు చెప్పాను. ఆలోచించుకుని చెప్తానంది. తరువాత వేరేవాళ్ళు తక్కువకి ఇస్తున్నారని వాళ్ళ దగ్గరే తీసుకుందట. ఆ సంగతి నాతో ఆమె చెప్పలేదు, మా మరిది నోరు జారితే తెలిసింది. అప్పట్నుంచి చల్లపల్లి నుంచి ఫోనొస్తే మా ఆయనకే ఇచ్చేసేదాన్ని.

"మనవాళ్ళే కదే బాగుపడింది, సంతోషించు," అనేవాడాయన. ఆ మాట వింటే మరింత ఒళ్ళు మండేది. పరాయివాళ్ళు బాగుపడితే అంత మంట ఉండదేమో.

మళ్ళీ బడ్జెట్ సమావేశాలు దగ్గరపడ్డాయి. పటమటలో ఒక హాల్లో చిన్న వ్యాపారస్తుల మీటింగు పెట్టి ఎమ్మెల్యే గారిని పిలిచారు. చర్చలో మాట్లాడతాను, మీ కష్టాలు చెప్పండి అన్నారాయన. నేను లేచాను.

"కొత్త కోడలికి పట్టుచీర, పాత కోడలికి చీపురుకట్ట లాగుందండీ మీ పథకం. చల్లపల్లిలో మా తోడికోడలు టీచరు పని పోయి అప్పడాలు మొదలెట్టింది. ఆమెకి అన్నీ ఇచ్చారు, మంచిదే. ఇన్నేళ్ళుగా పదిమందికి పని చూపిస్తున్నాం, మాకేదండీ?"

హాలంతా చప్పట్లు. ఆయన కూడా నవ్వి, "బాగా చెప్పావమ్మా, సభలో నీ సంగతి తప్పకుండా ఎత్తుతాను. నువ్వూ మీ తోడికోడలూ వచ్చి గ్యాలరీలో కూర్చుని చూడండి, పాసులు పంపిస్తాను," అన్నారు.

ఆయన మాట్లాడే రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్ళాను. అసెంబ్లీ గేటు దగ్గర ఫోన్లు తీసేసుకున్నారు. గ్యాలరీలో గట్టిగా దగ్గడానికి కూడా భయమేసింది. తోడికోడలు నా పక్కనే కూర్చుంది. చాలాసేపటికి మా ఎమ్మెల్యే గారి వంతొచ్చింది.

"అధ్యక్షా, ఈ మాంద్యంలో కూడా మన పథకం ఎలా నిలబెట్టిందో చూడండి. చల్లపల్లిలో ఒక టీచరమ్మ ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంది. ఈవేళ తోటి ఆడవాళ్ళకి ఆమే పని ఇస్తోంది," అని మొదలుపెట్టారు. అప్పడాల గురించి చెప్పారు. ఆరబెట్టే మిషను గురించి చెప్పారు. సభ్యులు బల్లలు చరిచారు. ఆమె ఇక్కడే ఉందని ఆయన పైకి చూస్తే చాలామంది తలలెత్తి మా వైపు చూశారు. ఇద్దరిలో ఎవరో తెలియక కొందరు నన్నే చూసి నవ్వారు.

పాత యూనిట్ల మాట రాలేదు. అటు పక్క నుంచి ప్రతిపక్ష సభ్యుడొకాయన లేచి, "మరి ఉన్నవాళ్ళ సంగతేంటి?" అంటే, పరిశీలిస్తామన్నారు మంత్రిగారు.

నేను చెప్పుకున్న కష్టంలోంచి ఆమె గొప్పని మాత్రం ఏరుకున్నారు మా ఎమ్మెల్యే గారు. మెట్లు దిగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది. "అంతమంది మనవైపే చూశారక్కా," అంది. నేను చెయ్యి విడిపించుకుని, బస్సుకి టైమవుతోందన్నాను.

వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం మా మరిది ఫోన్ చేశాడు. దూరానికి పంపిన సరుకు మొత్తం వెనక్కి వచ్చేసిందట. అట్ట పల్చన, పేర్చిన బరువుకి పెట్టెలు నలిగి అప్పడాలన్నీ పొడైపోయాయి. "ఆమె అన్నం తినట్లేదొదినా," అన్నాడు. అది వినగానే నా గుండెల్లో ఎక్కడో చల్లగా తగిలింది. ఆ చల్లదనం ఎంతోసేపు లేదు. మంచినీళ్ళు తాగి, అట్ట ముక్కలు కొన్ని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

షెడ్డులో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది, చుట్టూ నలిగిన పెట్టెలు. నేను ఒకటి తీసి నొక్కి చూశాను. లొట్టపడింది.

"నన్నెందుకు మళ్ళీ అడగలేదే? రేటు మాట్లాడుకునేవాళ్ళం కదా."

ఆమె ఆ పెట్టె నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. "ప్రార్థన రోజే నీ మొహం చూశానక్కా. అడగాలంటే భయమేసింది. అసెంబ్లీలో మళ్ళీ చూశాను. ఇక అసలు అడగలేననుకున్నా."

అబద్ధమాడదామనుకున్నాను. నోరు రాలేదు. "నిజమేనే. కడుపు మండిపోయింది."

"ఇంకా మండుతోందా?"

"మండుతోంది. అప్పడం సైజు చెప్పు."

ఆమె నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. పమిటతో మొహం తుడుచుకుని ఒక అప్పడాల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. అక్కడే నేలమీద కూర్చుని అట్ట కోసి, మడిచి, లోపల అరలు వచ్చేలా ఒక నమూనా చేశాను. ఆ పెట్టె మీద తను ఎక్కి నిలబడి చూసింది. పెట్టె నలగలేదు. దిగి, మళ్ళీ ఎక్కి నిలబడింది.

పని బాగుందని ఒప్పుకోక తప్పలేదు. షెడ్డు శుభ్రంగా ఉంది, పిండి ఎక్కడా చిందలేదు, అప్పడాలన్నీ అచ్చుపోసినట్టు ఒకే మందం. పథకం లేకపోయినా ఈమె నెగ్గుకొచ్చేదేమో అనిపించింది. ఆ ఆలోచన సబ్సిడీ కంటే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె పెట్టిన అన్నంలో వేయించిన అప్పడం రుచి చూస్తూ కూడా, ఇది నాకెందుకు తట్టలేదు అనే అనుకున్నాను.

ఊరికి తిరిగొచ్చిన మర్నాడే మిషను రోజంతా నడిచింది. ఇంటి దగ్గర ఉండమన్న ఇద్దరికీ ఫోన్ చేసి, రేపట్నుంచి రండమ్మా అన్నాను. వాళ్ళలో పెద్దావిడ సంతోషంగా అడిగింది.

"ఎవరి ఆర్డరండీ? మన చల్లపల్లి అమ్మగారిదేనా?"

అవునని చెప్పడానికి నాకు కాస్త టైము పట్టింది.