పోయిన జడ, కాణిపాకం ప్రమాణం

మొక్కు తీర్చుకోవడానికి కాదు, ఒక జడ కోసం కాణిపాకం వెళ్ళాల్సి వచ్చింది. రేణిగుంట దగ్గర మేం పనిచేసే షెడ్డులో మనుషుల వెంట్రుకలు చిక్కుతీసి, పొడవును బట్టి వేరుచేసి, కట్టలు కడతాం. విగ్గులు చేసేవాళ్ళు కొంటారు. పోయిన వారం ముప్పై అంగుళాల జడ ఒకటి కనిపించకుండా పోయింది. ఆ బల్ల దగ్గర పదకొండేళ్ళుగా కూర్చునేది రత్నమ్మక్క. షెడ్డు పని చూసే మేస్త్రీ ఆమెను దొంగ అనలేదు. కాణిపాకంలో ప్రమాణం చెయ్యి, లేదంటే పనికి రావద్దు అన్నాడు. అక్కడి వినాయకుడి ముందు అబద్ధమాడితే శిక్ష తప్పదంటారు, మా వైపు అది పోలీసు కేసు కంటే పెద్ద మాట. అక్కకు తోడుగా నేనూ సెలవు పెట్టాను.

మేస్త్రీతో కలిసి ఉదయం ఆరున్నరకు తిరుపతిలో చిత్తూరు బస్సెక్కాం. రెండు గంటల ప్రయాణం. ముగ్గురి టికెట్లూ మేస్త్రీయే తీశాడు. "పెండ్లికి కూడా నన్నెవురూ ఇంత మర్యాదగా పిల్సుకుపోలేదు మేస్త్రీ" అంది అక్క. అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ జడలు ఎక్కడివని దారిలో మేస్త్రీని అడిగాను. గుళ్ళలో భక్తులిచ్చే జుట్టును వేలంలో కొంటారట, దానికి కాగితం ఉంటుంది. జడలు మాత్రం ఊళ్ళమ్మట తిరిగి, జుట్టుకు బదులు స్టీలు గిన్నెలిచ్చేవాళ్ళు తెస్తారట. ఎవరి తలవో అతను ఎప్పుడూ అడగలేదట. మనుషుల్ని సంతలో నిలబెట్టి అమ్మిన కాలం గురించి లైబ్రరీలో చదివాను. ఇప్పుడు మనిషిని ఇంట్లోనే ఉంచి ముక్కలు పట్టుకుపోతున్నారు. తేడా అంతే.

చిత్తూరు బస్టాండు దగ్గర టిఫిన్ బండి భాయ్ మా పని తెలుసుకుని అక్కకు రెండే ఇడ్లీలు పెట్టాడు. "తడిబట్టల్తో నిలబడాల గదమ్మా, కడుపు తేలిగ్గా ఉండాల, మిగతాది వచ్చేటప్పుడు తిందువులే" అన్నాడు. అక్కడి నుంచి కాణిపాకానికి బస్సులు వెంటవెంటనే ఉంటాయి, అరగంట.

ప్రమాణం చేసేవాళ్ళు ముందు స్నానం చేయాలి. నీళ్ళోడుతున్న చీరతో అక్క స్వామికి ఎదురుగా నిలబడింది. "ఆ జడ నేను తీయలేదు సామీ." అంతే. తర్వాత పక్కకు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు రా మేస్త్రీ. మన షెడ్డులో ఉండే జడలన్నీ ఆడోళ్ళు మనసారా ఇచ్చినవేనని చెప్పు."

వెనక లైన్లో ఉన్నవాళ్ళు జరగమన్నారు. మేస్త్రీ జరిగాడు, ముందుకు కాదు.

తిరుగు బస్సు తిరుపతిలో దిగేటప్పుడు, "రేపు ఎనిమిదికి రాక్కా" అన్నాడు మేస్త్రీ. పదకొండేళ్ళలో అతను అక్కా అనడం అదే మొదలు.

అక్క మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చుంటోంది. పోయిన జడ దొరకలేదు. షెడ్డులో ఒక జడ పోతే సాక్ష్యానికి దేవుణ్ణి పిలిచారు. అదే జడ ఒక తల మీది నుంచి పోయిననాడు ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు. నేనూ నాలుగేళ్ళుగా కట్టలు కడుతూనే ఉన్నాను, ఆ బస్సెక్కేదాకా నేనూ అడగలేదు.

ప్రమాణానికి వెళ్ళేవాళ్ళు మామూలు రోజు పొద్దున్నే వెళ్ళండి, రద్దీ తక్కువ. పొడిబట్టలు ఒక జత పెట్టుకోండి. మిమ్మల్ని తీసుకొచ్చినవాళ్ళ చేత ఏం ప్రమాణం చేయించాలో అది కూడా ముందే అనుకుని వెళ్ళండి.