రాజమల్లు బొటనవేలు

మంచిర్యాల జిల్లా అయిన మరుసటి ఏడు, కరీంనగర్‌లోని ఒక మానసిక ఆసుపత్రిలో నన్ను జనరల్ వార్డు నుంచి అయస్కాంత చికిత్స గదికి మార్చారు. హోదా నర్సింగ్ ఆర్డర్లీ. నలభై దాటాక నేర్చిన అక్షరాలను నమ్మి చార్టు నింపే పని కూడా ఇచ్చారు.

ఇది కరెంటు షాకు కాదు, మత్తు ఉండదు. తలకు ఆనించిన తీగచుట్ట టకటకమంటూ మెదడును తడుతుంది. మందులకు లొంగని దిగులు జబ్బుకు వాడతారు. మొదటి రోజు మోతాదు తేల్చాలి. డాక్టరు ఒక్కో దెబ్బ ఇస్తుంటే రోగి బొటనవేలు దానంతటదే ఎగరాలి. పదిసార్లలో ఐదుసార్లు ఎగిరిన అతి తక్కువ బలమే కొలత. వేలు చూసి ‘వచ్చింది’, ‘రాలే’ అనడం నా పని. కొలత తప్పి బలం ఎక్కువైతే మూర్ఛ రావచ్చు.

రాజమల్లు బొగ్గుబాయి కార్మికుడు. మూడు నెలలుగా మాట లేదు, తిండి నాలుగు ముద్దలు. మందులన్నీ అయ్యాయి. ఇదీ పనిచేయకపోతే ఏం చేయాలో భార్య లచ్చవ్వకు తెలియదు.

దెబ్బ పడింది. ‘రాలే’ అన్నాను. బలం పెంచారు. ‘రాలే.’ ఇంకా పెంచబోతుంటే వంగి చూశాను. బొటనవేలిని కుర్చీ చెయ్యి కింద బిగించాడు, గోరు తెల్లబడింది. చేతిని ముందే దిండు మీద పెట్టించకపోవడం నా తప్పు.

‘ఏం రాజమల్లన్నా, ఏలు ఎందుకు దాస్తున్నవే?’ అన్నాను.

లచ్చవ్వ నెత్తి కొట్టుకుంది. ‘ఓ అక్కా, గీయన గిది మెడికల్ బోర్డు అనుకుంటుండు.’

బొగ్గు కంపెనీ బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే బాయి నౌకరి పిల్లలకు దక్కుతుంది. తాను దేనికీ పనికిరానని తేల్చుకున్న మనిషి, ఆ కాగితమైనా బిడ్డకు పనికొస్తుందనుకున్నాడు.

‘బిడ్డ బీఈడీ సదువుతుంది. బాయిల దిగుతనని నీతోని ఎవలన్నరయ్యా?’ అంది లచ్చవ్వ.

‘గీడ పాసు లేదు, ఫెయిలు లేదు’ అన్నాను.

రాజమల్లు నోరు తెరిచాడు. ‘మరి ముంగటనే చెప్పొద్దా? ఏలు గుంజుతుంది.’

మూడు నెలల తర్వాత మొదటి మాట అది. లచ్చవ్వ నవ్వు ఆగలేదు, నాదీ ఆగలేదు. డాక్టరు కూడా నవ్వుతూ తీగచుట్ట పక్కన పెట్టారు. మళ్లీ కింది నుంచి మొదలుపెడితే చిన్న దెబ్బకే వేలు గింజలేరే కోడిముక్కులా ఆడింది. ‘వచ్చింది’ అని నేను వరండాకు వినబడేలా అరిచాను.

నాలుగో వారంలో అన్నం గిన్నె ఖాళీ చేసి అడిగాడు: ‘అక్కా, ఇయ్యాల పాసా ఫెయిలా?’

ఆ వారమే చార్టు పైన నా వంకర అక్షరాలతో ఒక వరుస చేర్చాను: ‘ఇది పరీక్ష కాదని రోగికి ముందే చెప్పాలి.’ రిటైరయ్యేదాకా ఆ మాట చెప్పకుండా ఒక్క వేలూ చూడలేదు.