టోర్‌ఫిన్ పొగ మానేసిన ఏడాది

మా దీవిలో బాప్తిస్మమైనా, పెళ్లయినా, ఎవరినైనా సాగనంపాక తాగే కాఫీ అయినా, బల్ల మీదికి ముందు వచ్చేది రాగ్నా పళ్లెమే. పొగబెట్టిన సాల్మన్ చేపను కాగితమంత పలచగా కోసేది. లెఫ్సె, అంటే మా బంగాళదుంపల మెత్తటి రొట్టె, పరిచి దాని మీద పులిసిన మీగడ పూసేది. మీగడలో ముల్లంగిలాంటి ఘాటుదుంప తురుము కాస్త, సన్నగా తరిగిన సోయకూర కలిపేది. పైన చేప పరిచి, చాపలా చుట్టి, చలిలో పెట్టి, గట్టిపడ్డాక బొటనవేలంత ముక్కలు కోసేది. పొయ్యి వెలిగించే పనే లేదు. పక్కింటిదాన్ని కాబట్టి ఆ పళ్లాలు మోసే పని నాది.

"ఎలా చేస్తావక్కా ఇంత బాగా?" అని ఎవరైనా అడిగితే, "ఇందులో నేను చేసేదేముందే? చేప మంచిదైతే చేతగానిదాని చేతిలో కూడా బాగుంటుంది" అనేది. కానీ ఆ మెప్పు ఆమెకు ఇష్టం. ముఖం చూస్తే తెలిసిపోయేది.

చేప ఆమె అన్న టోర్‌ఫిన్‌ది. పెళ్లి చేసుకోలేదు. వాళ్ల నాన్న కట్టిన పొగ గదిని రేవు పక్కన ఒంటరిగా నడిపేవాడు. పొగబెట్టడం అంటే మంట మీద కాల్చడం కాదు. మంట ఒకచోట, చేప ఇంకోచోట. పొగ గొట్టం వెంట నడిచి వచ్చేసరికి చల్లారిపోవాలి, లేదంటే చేప ఉడికిపోతుంది. టోర్‌ఫిన్ తలుపు సందు దగ్గర ముక్కు పెట్టి నిలబడేవాడు. మంటలో వేసిన జునిపర్ పొద కొమ్మ చేదు పొగ వదలబోతోందని ముందే పసిగట్టి లాగేసేవాడు. మాటలు తక్కువ మనిషి. చెల్లెలికి చేప అందించేటప్పుడు మాత్రం "ఈసారి చూడు" అనేవాడు. ఆమె ఓ ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకునేది. వాళ్లిద్దరికీ అదే పలకరింపు.

రాగ్నా కూతురు సున్నివకు చర్చిలో కన్ఫర్మేషన్, అంటే ఈడొచ్చాక బాప్తిస్మాన్ని స్థిరపరిచే పండగ, జరిగిన వసంతంలో, ఇల్లంతా బంధువులు. టోర్‌ఫిన్ చేప తెచ్చి వంటింట్లో పెట్టాడు. ఎప్పటిలా "చూడు" అనలేదు. హడావుడిలో రాగ్నా కూడా రుచి చూడలేదు. చకచకా కోసి, చుట్టి, పళ్లాల్లో సర్దింది. నేను మోసుకెళ్లాను.

మొదటి ముక్క ఐలెర్ట్ మామది. పడవల మనిషి, గొంతు ఎంత పెద్దదో వెటకారం అంత పెద్దది. కొరికాడు, కళ్లు పెద్దవి చేశాడు, గ్లాసు అందుకున్నాడు.

"ఏమ్మా రాగ్నా, మమ్మల్ని కూడా ఊరబెట్టి పీపాల్లో దాస్తావా ఏంటి?"

బల్ల చుట్టూ నవ్వులు. రాగ్నా ఓ ముక్క తింది. ఉప్పు! నాలుక మడతపడేంత ఉప్పు. కూతురి పండగ రోజు, ఊరందరి ముందు, తన పళ్లెం! మొహం ఎర్రబడింది.

"నన్నంటావేం మామా? నా చేతిది కాదు. ఇదిగో, మా అన్నయ్యనడుగు. సముద్రాన్నంతా తెచ్చి చేప మీద పోసినట్టున్నాడు. మనుషులకి ముసలితనం మోకాళ్లకొస్తుంది, ఈయనకి నాలుకకొచ్చింది!"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. టోర్‌ఫిన్ కూడా నవ్వాడు. పళ్లెం పక్కన పెట్టి, "పడవ తాడు చూసొస్తా" అని లేచాడు. మళ్లీ రాలేదు. అలాంటి జనంలో అతను ఎక్కువసేపు కూర్చునే రకం కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

శరదృతువులో రాగ్నా చేప కోసం వెళ్తే పొగ గదికి తాళం వేసి ఉంది. టోర్‌ఫిన్ వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు.

"ఈ ఏడు పొగ లేదు" అన్నాడు.

"ఏం? ఎందుకని?"

"చాలు."

"ఆ రోజు నేనన్న మాటకా? తమాషాకన్నాను అన్నయ్యా! అంత ఉక్రోషమా?"

అతను వలకి ఇంకో ముడి బిగించాడు. రాగ్నాకూ పౌరుషం తక్కువేం కాదు. "నీ ఒక్కడి దగ్గరే ఉందా చేప? దుకాణంలో దొరకదా?" అని వచ్చేసింది.

దొరికింది. పైన ప్లాస్టిక్ కాగితం చించితే చాలు, లోపల కోసే ఉండేది. జనం మునుపటిలాగే తిన్నారు, మునుపటిలాగే మెచ్చుకున్నారు. తేడా పోల్చినవాళ్లు ఒకరిద్దరున్నా నోరు మెదపలేదు. ఆ మెప్పు రాగ్నాను ఇంకా మొండిదాన్ని చేసింది.

అలా ఏళ్లు గడిచాయి. విందుల్లో అన్నాచెల్లెళ్లు ఎదురుపడేవారు. టోర్‌ఫిన్ కాఫీ ఒక్కటే తాగేవాడు. పళ్లెం తన ముందుకొస్తే పక్కవాళ్లకి జరిపేవాడు. "చూశావుటే? నా చేతి ముక్క ముట్టడట. ఎంత పగ పట్టాడో చూడు" అని రాగ్నా నా దగ్గర గింజుకునేది. అతను ఎవరి ఇంట్లోనూ ఏదీ ఇష్టంగా తినడం లేదని మా ఇద్దరికీ తట్టలేదు.

ఓ చలికాలం టోర్‌ఫిన్ మంచు మీద జారి కాలు బెణికించుకున్నాడు. ఎంతైనా తోడబుట్టినవాడు. రాగ్నా చేపల చారు కాచి తీసుకెళ్లింది. అతను కాఫీ పెట్టి, జగ్గులోంచి పాలు పోసుకున్నాడు. బల్లకి ఈ చివరన కూర్చున్న రాగ్నాకు కంపు గుప్పున కొట్టింది. అతను గడగడా సగం తాగేశాడు.

"అన్నయ్యా! ఆ పాలు విరిగిపోయాయి!"

టోర్‌ఫిన్ కప్పులోకి చూశాడు. "అలాగా? ఎప్పటివో."

"కంపు కొట్టడం లేదూ నీకు?"

టోర్‌ఫిన్ కప్పు పక్కకి జరిపాడు. తర్వాత, వాతావరణం సంగతి చెబుతున్నట్టుగా చెప్పాడు. సున్నివ పండగకి ముందటి చలికాలం గట్టిగా జ్వరం వచ్చింది. జ్వరం పోతూ ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది. పొగా ఒకటే, గాలీ ఒకటే. ఉప్పూ ఒకటే, ఇసకా ఒకటే. ఆ చేపకు ఉప్పు చేతి లెక్కన వేశాడు. వేశానో లేదోనని మళ్లీ వేశాడేమో కూడా.

"నాతో చెప్పొచ్చు కదా!"

"చెబుదామనే వచ్చాను ఆ రోజు. భోజనాలయ్యాక నిన్ను పక్కకి పిలిచి చెబుదామనుకున్నా. నువ్వే ముందు అందరికీ చెప్పేశావు."

అందులో నిష్ఠూరం లేదని, ఉండుంటే బాగుండేదని రాగ్నా తర్వాత నాతో అంది.

ఆ వసంతంలో ఆమె పంతం పట్టింది. "ముక్కు నాది, చెయ్యి నీది. మళ్లీ పెడదాం" అని వెంటపడింది. కానీ అప్పటికే పొగ గది పలకలు ఊడదీసి ఎవరికో పడవల కొట్టు కోసం ఇచ్చేశాడు. పాత బీరువా ఒకటి నిలబెట్టి, గొట్టం బిగించారు. రాగ్నా సందు దగ్గర ముక్కు పెట్టి నిలబడింది.

"ఎలా ఉంది?" అని అడిగాడతను.

"పొగలా ఉంది."

"పొగలా ఉందంటే ఎలా? తియ్యగా ఉందా, గొంతులో గీరుతోందా?"

ఆమెకు తెలియలేదు. ఇన్నాళ్లూ తిన్నది, మెచ్చుకున్నది, పేరు తెచ్చుకున్నది. ఆ సందు దగ్గర మాత్రం ఎప్పుడూ నిలబడలేదు. పొగ వేడెక్కింది. చేప సగం ఉడికి పొరలు పొరలుగా విడిపోయింది.

"పోనీలే, పిల్లికి పండగ" అన్నాడు టోర్‌ఫిన్. ఇద్దరూ నవ్వారు. ఎన్నో ఏళ్ల తర్వాత వాళ్లు కలిసి నవ్వడం నేను చూసింది అప్పుడే. మరోసారి ప్రయత్నిద్దామని ఆమె అంది. "చూద్దాం" అన్నాడు. ఆ చూడటం జరగలేదు. ఆకులు రాలే కాలంలో ఓ పొద్దున పడవ దగ్గరే గుండె ఆగి పోయాడు.

ఖననం అయ్యాక చర్చి హాల్లో కాఫీ. పళ్లాలు రాగ్నాయే చేసింది, దుకాణం చేపతో. వద్దని, మేం చేస్తామని అందరం అన్నాం. వినలేదు. పోయినవారి గురించి నాలుగు మాటలు చెప్పే సమయం వచ్చింది. పాస్టరు చెప్పాడు, ఐలెర్ట్ మామ చెప్పాడు. తర్వాత రాగ్నా లేచింది. కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. పెదాలు కదిలాయి.

"మా అన్నయ్య..." అంది. ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. "కాఫీ చల్లారిపోతోంది. తీసుకోండి, అందరూ తీసుకోండి."

కూర్చుండిపోయింది. పాపం, దుఃఖం పొంగుకొచ్చింది అనుకున్నారు.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే నాకు ఇదంతా అప్పుడే పూర్తిగా చెప్పింది. విరిగిన పాల సంగతి, భోజనాలయ్యాక చెబుదామనుకున్న సంగతి.

"అందరి ముందూ అన్నానే. అందరి ముందే వెనక్కి తీసుకుందామని లేచాను. నవ్వించడానికి లేచిన నోరు దీనికి లేవలేదు."

"నేను చెప్పనా వాళ్లకి?" అన్నాను.

"నువ్వు చెబితే అది నీ మాట అవుతుంది" అని తడి చేతులు తుడుచుకుంది. హాల్లోంచి ఎవరో పళ్లెం ఖాళీ అయిందని కేకేశారు. రాగ్నా ఇంకో లెఫ్సె పరిచి, మీగడ పూయడం మొదలుపెట్టింది.