గుమ్మానికి అడ్డం మిషను

ఈ భూమ్మీద దర్జీలందరినీ వరుసలో నిలబెట్టినా, మా అమ్మమ్మంత బాగా తప్పు కొలత తీసే మనిషి ఒక్కరు దొరకరు.

కొట్టు వెనక గోడకి ఆనుకుని కాజాలు కుట్టడం ఆమె పని. కొట్టు రైలు పెట్టెలా సన్నం. వెలుతురు కోసమని తాత మిషను గుమ్మానికి అడ్డంగా వేశాడు. ఆమె బయటికి వెళ్ళాలంటే ఆయన లేవాలి, స్టూలు తీయాలి, మిషను పక్కకి లాగాలి. ఇంత రామాయణం ఎందుకని ఆమె వెళ్ళడమే మానేసింది.

కూతురికి, అంటే మా అమ్మకి, పదహారు రాగానే తాత బడి మాన్పించి, అమ్మమ్మ పక్కన రెండో పీట వేశాడు. వారం తిరక్కుండానే, ఆయన టీకి లేచిన సందులోంచి పిల్ల జారుకుని మేనత్త ఇంట్లో తేలింది. మళ్ళీ బడికి పోవడం మొదలుపెట్టింది. గడప దాటినదానికి గింజ కూడా పంపేది లేదనీ, అమ్మమ్మ అటు తొంగి చూడకూడదనీ తాత తేల్చేశాడు.

మేనత్త ఊరుకునే రకం కాదు. పిల్లల సంక్షేమం ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, మిషను అవతలే నిలబడి, పద్దెనిమిది నిండేదాకా పిల్ల ఎవరింట్లో ఉన్నా తిండీ, బట్టా, చదువూ కన్నవాళ్ళే చూడాలని చెప్పింది. చట్టానికి అలకలు తెలియవంది. తాత మాడు మొహంతో ఒప్పుకున్నాడు. బట్టలు మాత్రం తనే కుడతానన్నాడు.

పాత కొలతల పుస్తకం చూసి యూనిఫాం కుట్టి పంపాడు. మర్నాడే తిరిగొచ్చింది. పిల్ల ఎప్పుడో జానెడు పెరిగింది. ఒకే చూరు కింద ఉండీ ఆయన చూసుకోలేదు.

ఆయన కుట్టిన బట్ట వెనక్కి రావడం అదే మొదలు. బజారులో పొక్కకముందే మిషను లాగి, అమ్మమ్మ మెడలో టేపు వేశాడు.

"కొలిచి తిన్నగా వచ్చెయ్."

మేనత్త ఇంట్లో ఆమె పిల్ల వీపు మీద టేపు పెట్టి, తీయకుండా చాలాసేపు నిలబడిపోయింది.

"నువ్వూ ఉండిపోవే అమ్మా" అంది కూతురు.

అమ్మమ్మ టేపు పిల్ల చేతి మీదకి జరిపింది. చెయ్యి పొడుగు ఇరవై మూడు అంగుళాలుంటే, కాగితం మీద ఇరవై రెండని రాసింది.

చొక్కా మళ్ళీ వెనక్కొచ్చింది. తాత తిట్టుకుంటూ మళ్ళీ మిషను లాగాడు. ఆ రెండేళ్ళలో ఒకసారి భుజం తప్పింది, ఒకసారి నడుము, మెడ అయితే మూడుసార్లు. ఆయన ఆమెకి 'వంకర టేపు' అని పేరు కూడా పెట్టాడు. పిల్లకి పద్దెనిమిది నిండిన రోజున మిషను గుమ్మానికి గట్టిగా జరిపి, ఇక తనకి ఏ బాధ్యతా లేదన్నాడు.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. తాతనే బోల్తా కొట్టించినదానివి, మొదటిసారే అక్కడ ఉండిపోకపోయావా అని నేను అడిగితే, ఆమె కాజా మీంచి తల ఎత్తలేదు.

"దానికి పద్దెనిమిది నిండలేదు కాబట్టి చట్టం ఉంది. నాకేముందే? కథలాపి సూదిలో దారం ఎక్కించు."