లెక్కలోకి రాని కాఫీలు

2023, కార్తీకమాసం. ఏలూరులో ఒక సైకియాట్రీ క్లినిక్‌లో స్టాఫ్ నర్సుగా నాకది పదకొండో ఏడు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, పేషెంటు డాక్టరు మేడం గదిలోకి వెళ్ళేముందు నా బల్ల దగ్గర కాసేపు కూర్చోవాలి. నిద్ర ఎలా పడుతోంది, ఆకలి వేస్తోందా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి బాధ ఉండేదా, అలవాట్లేమిటి అని అడిగి రాసుకుంటాను. దీన్నే కేస్ హిస్టరీ అంటారు. సగం వైద్యం అందులోనే ఉందని మేడం అంటారు. మిగతా సగం కూడా అందులోనే ఉందని నేనంటాను, ఆవిడ వినకుండా.

ఆ రోజు కైకలూరు నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన పురోహితులు, యాభైకి రెండేళ్ళు తక్కువ. కామేశ్వరశర్మగారు అందాం, అసలు పేరు వేరు. ఆవిడ అన్నపూర్ణగారు. ఆయన ఉత్తరీయం అంచు కుడిచేత్తో గట్టిగా బిగించి పట్టుకున్నారు, చెయ్యి వణకడం నాకు కనిపించకూడదని. ఆమాత్రం పోల్చుకోలేకపోతే నేను ఇన్నేళ్ళు ఉద్యోగం చేసి ఏం లాభం?

"ఏమిటండీ ఇబ్బంది?" అన్నాను.

"గుండెదడమ్మా. ఉన్నట్టుండి ఊపిరాడదు. ఏదో అయిపోతుందని భయం. నిద్ర మాట మర్చిపోయాను," అన్నారాయన.

అన్నపూర్ణగారు అందుకున్నారు. "మొన్న సోమవారం ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం చేయిస్తూ మధ్యలో పీట మీంచి లేచి వచ్చేశారండీ. పాతికేళ్ళలో ఎన్నడూ లేదు."

సంకల్పం చెబుతుంటే ఆ ఇంటివాళ్ళ గోత్రం గుర్తుకు రాలేదట. ఎన్నో ఏళ్ళుగా ఈయనే పూజలు చేయిస్తున్న ఇల్లు అది. నోరు ఎండిపోయి, చెమటలు పట్టి, గుండె చెవుల్లో కొట్టుకుంటుంటే ఇంక అక్కడ కూర్చోలేకపోయారు. ఇంకో పురోహితుణ్ణి పిలిపించి వాళ్ళు వ్రతం పూర్తి చేయించుకున్నారు. నలుగురి ముందూ అలా లేచి రావడం ఆయనకెంత తలవంపులో వేరే చెప్పక్కర్లేదు. మర్నాడే ఆయన ఒక నిర్ణయానికి వచ్చేశారు. కార్తీకం వెళ్ళగానే పౌరోహిత్యం మానేస్తారు. కైకలూరులో చేపలకీ రొయ్యలకీ మేత అమ్మే ఫీడ్ షాపులో కూర్చునే పని కూడా మాట్లాడుకున్నారు.

"మా చిన్నాన్నకి ఇలాగే మొదలైందమ్మా," అన్నారు శర్మగారు. "చివరికి మమ్మల్నే గుర్తుపట్టలేదు. నాకూ మతి పోతోంది. పోయేలోపు మర్యాదగా తప్పుకోవడం మంచిది కదా?"

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు. ఇంకా డాక్టరు గడప తొక్కనే లేదు, తీర్పు మాత్రం తానే రాసేసుకుని, పాతికేళ్ళ విద్యని ఒక భయానికి అప్పగించేస్తున్నారు. ఈయన ఫీడ్ షాపుకి ఎలా వెళ్తారో నేనూ చూస్తాను అనుకున్నాను. నాకు మొండితనం కాస్త ఎక్కువే. మాది తాడేపల్లిగూడెం, పోలిక మా అమ్మది.

మిగతా ప్రశ్నలు అడిగాను. మందు, పొగాకు, ఏవీ లేవు. కాఫీ, టీ? "టీ ముట్టనమ్మా. కాఫీ రోజుకి రెండే." రెండు అని రాసి పంపించాను.

మేడం ఈసీజీ తీయించారు. అది గుండె కొట్టుకునే తీరుని కాగితం మీద గీసే పరీక్ష. కాస్త వేగం తప్ప తేడా ఏమీ లేదు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి దడ, వణుకు వస్తాయి కనక రక్తం పరీక్ష కూడా చేయించారు. అదీ మామూలే. "ఇవి పానిక్ ఎటాక్స్‌లా ఉన్నాయి," అన్నారు మేడం. అంటే ప్రమాదం లేకుండానే ఒంట్లో ప్రమాదఘంట మోగడం. వారం చూసి మందు మొదలుపెడదామన్నారు. ఈలోగా దడ వచ్చిన రోజు, వేళ రాసుకురమ్మని శర్మగారికి చెప్పారు.

వారానికి ఆయన తెచ్చిన పుస్తకం చూసి ముచ్చటేసింది. పంచాంగం రాసినంత పొందికగా వేళలు వేశారు. దడలన్నీ పదకొండు గంటల తరవాతే. ఇంట్లో ఉన్న ఒక్క రోజు మాత్రం దడ లేదు, మధ్యాహ్నం నుంచి తలనొప్పి అని ఉంది. నాకేదో తట్టీ తట్టనట్టు ఉంది.

"శర్మగారూ, బాగా దడ వచ్చిన రోజొకటి తీసుకుందాం. లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో అంతా చెప్పండి," అన్నాను.

"నాలుగున్నరకి లేచి, స్నానం, సంధ్య అయ్యాక ఇంట్లో కాఫీ తాగానమ్మా. మండవల్లిలో ఒకరు చెరువులో చేపపిల్లలు వదులుతుంటే పూజకి వెళ్ళాను. వెళ్ళగానే గట్టు మీద ఫ్లాస్కులోంచి కాఫీ ఇచ్చారు. పూజయ్యాక మళ్ళీ ఇచ్చారు. అక్కణ్ణించి కైకలూరులో గృహప్రవేశం..."

నా పెన్ను ఆగిపోయింది. "ఆ ఇంట్లో కూడా ఇచ్చారా?"

"ఇవ్వకుండా ఉంటారామ్మా? వెళ్ళగానే ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి. ఆ తరవాత వ్రతం. అక్కడా అంతే."

ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెడుతూ వచ్చాను. సాయంత్రం ఇంకో వ్రతం, అక్కడా రెండు, ఇంటికొచ్చాక ఆయన లెక్కలో రెండో కాఫీ. మొత్తం పది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా మెతుకు ముట్టరు. కర్మ అయ్యేదాకా అన్నం తినకూడదు. కాఫీకి అభ్యంతరం లేదు. పైగా ఆయన ఉపవాసంతో ఉన్నారని జాలిపడి ప్రతి ఇల్లాలూ డికాక్షన్ చిక్కగా పోసి మరీ ఇస్తుంది.

"మరి నాతో రెండే అన్నారేమిటండీ?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "నేను తాగేవి రెండేనమ్మా. అవి వాళ్ళు మర్యాదకి ఇచ్చినవి. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. అవి నా అలవాటు కిందకి ఎలా వస్తాయి?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఎవరి కాఫీ వాళ్ళ ఖాతాలో వేశారంతే. ఒంటికి మాత్రం ఆ తేడా తెలియదు కదా.

కాఫీలో ఉండే కెఫీన్ మెదడుకి అలసట తెలియనివ్వదు. కాస్తయితే హుషారు, చురుకు. మోతాదు మించితే గుండె వేగం, చేతుల వణుకు, కడుపులో మంట, ఊరికే ఆందోళన. తాగిన దాంట్లో సగం ఐదారు గంటల తరవాత కూడా ఒంట్లోనే ఉంటుంది. అందుకే సాయంత్రం తాగినది రాత్రి నిద్ర చెడగొడుతుంది, ఆ బడలిక పోగొట్టడానికి పొద్దున్నే మళ్ళీ కాఫీ. భయపడినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో ఇక్కడా దాదాపు అదే జరుగుతుంది. గుండె కొట్టుకుంటుంటే మనసు ఊరుకోదు, కారణం వెతుకుతుంది. శర్మగారి మనసుకి చిన్నాన్న దొరికాడు.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. దొంగని పట్టేశానన్న ఉత్సాహంలో మేడంని అడక్కుండానే, "ఈ రోజు నుంచి చుక్క ముట్టకండి," అనేశాను. అసలే నియమం పాటించే మనిషి. చుక్క ముట్టలేదు.

మూడోరోజు పొద్దున్న అన్నపూర్ణగారు ఫోను చేశారు. "తల పగిలిపోతోందంటున్నారమ్మా. ఎవరితోనూ మాట్లాడట్లేదు, కళ్ళంట నీళ్ళు పెట్టుకుంటున్నారు. మా చిన్నాన్న కూడా ఇలాగే గోడవైపు తిరిగి పడుకునేవాడు అంటున్నారు."

నా ప్రాణం చివుక్కుమంది. మేడంతో చెప్పాను. "విత్‌డ్రాయల్ అని నర్సింగ్‌లో చదువుకోలేదా నువ్వు?" అన్నారావిడ. ఒంటికి అలవాటైనదాన్ని ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్ళు ఎదురుతిరగడం అది. కాఫీ విషయంలో తలనొప్పి, నీరసం, చిరాకు, దిగులు, ఒక్కోసారి వారం దాకా ఉంటాయి. ఇంట్లో ఉన్న రోజు వచ్చిన తలనొప్పి అదే. కళ్ళెదుట రాసి ఉన్నా చూడలేకపోయాను. సిగ్గుపడ్డాను, పడాల్సిందే. ఆ వెంటనే ఫోను చేశాను.

"శర్మగారూ, తప్పు నాదండీ. మెల్లగా తగ్గించమని చెప్పాలి, ఒక్కసారిగా మానమన్నాను. మీ తలనొప్పి, ఆ దిగులు కాఫీ ఆపినందుకు వచ్చినవే."

"అయితే ఇది పిచ్చి కాదామ్మా?"

"పది కాఫీలు తాగి ఒక్కసారిగా మానేస్తే నాకూ ఇలాగే ఉంటుందండీ."

ఆయన ఏడ్చారు. నాకూ కళ్ళు చెమర్చాయి.

మేడం కొత్త పద్ధతి రాశారు. మళ్ళీ కొంచెం మొదలుపెట్టి, రెండు మూడు రోజులకి ఒకటి చొప్పున తగ్గిస్తూ రోజుకి రెండుకి రావాలి, అవీ మధ్యాహ్నంలోపే. వారానికోసారి కౌన్సిలింగ్‌కి రావాలి, ఎందుకంటే కాఫీ తగ్గినంత మాత్రాన చిన్నాన్న భయం పోదు. అసలు చిక్కు ఇళ్ళ దగ్గర వచ్చింది. ఎవరింట్లోనైనా కాఫీ వద్దంటే ఎందుకని అడుగుతారు.

"కాశీలో వదిలేశానని చెప్పండి, ఇంక ఎవరూ మాట్లాడరు," అని ఉపాయం చెప్పాను.

"నేనింకా కాశీ వెళ్ళలేదమ్మా. పీట మీద కూర్చుని అబద్ధమాడమంటారా?"

ఆ ఉపాయం వెనక్కి తీసుకున్నాను. జబ్బని చెబితే పిలవడం మానేస్తారేమోనని ఆయన భయం. అది అనవసరమైన భయమని నేననలేను, మన ఊళ్ళలో ఈ క్లినిక్ మెట్లు ఎక్కినవాళ్ళని ఎలా చూస్తారో నాకు తెలుసు. అయినా ఆయన చెప్పడానికే సిద్ధపడ్డారు. అదీ మొదట ఎక్కడ లేచి వచ్చేశారో ఆ ఇంట్లోనే. మార్గశిరంలో తానే వెళ్ళి, "మీ వ్రతం నేను చెడగొట్టాను. నాకు భయం జబ్బు వచ్చింది, ఏలూరులో వైద్యం చేయించుకుంటున్నాను. ఒప్పుకుంటే ఇంకోసారి నేనే చేయిస్తాను," అన్నారట. ఇంటాయన లోపలికి చూసి, "శర్మగారికి మజ్జిగ తీసుకురా," అన్నాడట.

కౌన్సిలింగ్ చివరి సిట్టింగ్‌కి వచ్చినప్పుడు శర్మగారు ఆ ఇంట్లో మళ్ళీ చేయించిన వ్రతం సంగతి చెప్పారు.

"సంకల్పం దగ్గర మళ్ళీ దడ వచ్చిందమ్మా."

"కాఫీ తాగారా?"

"లేదు. అయినా వచ్చింది. రానీ అనుకున్నాను. కౌన్సిలింగ్‌లో మీరు నేర్పినట్టు ఊపిరి మెల్లగా వదిలాను. గోత్రం గుర్తు రాలేదు. సిగ్గుపడకుండా ఆయన్నే అడిగాను. చెప్పారు. పూజ నడిచింది. లేవలేదమ్మా నేను."

ఫీడ్ షాపు వాళ్ళు ఇంకో మనిషిని చూసుకున్నారు. శర్మగారు ఈ మాటలు రాయడానికి ఒప్పుకున్నారు, తనలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉంటారని.

ఉన్నారు. వట్లూరులో పరీక్షలకి చదివే పిల్లలు, చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు. అందరికీ కారణం కాఫీయే కాదు, కొందరికి మందులు కావాలి, ఇస్తాం. ఎన్ని తాగుతారని మాత్రం ఇప్పుడు నేనెవర్నీ అడగను. ఎక్కడెక్కడికి వెళ్ళారు, ఎవరేమిచ్చారు అని అడుగుతాను. నా బల్ల ముందు కూర్చుని మతి పోతోందని ఎవరైనా అంటే, ఒప్పుకోను, కాదనను. కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఆ సంగతి తరవాత తేలుద్దాం. ముందు మీరు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి చెప్పండి," అంటాను.